తాబేలు పిల్లల పెంపకంలో పగటి వేడి, రాత్రి వెచ్చదనం

మెట్ట తాబేలు పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేనాటికి, రకాన్ని బట్టి, దాదాపు 10 నుంచి 40 గ్రాముల బరువు మాత్రమే ఉంటుంది. పెద్ద తాబేలు శరీరం పగలంతా పీల్చుకున్న వేడిని బండరాయిలా రాత్రి చాలాసేపటి వరకు నిలుపుకుంటుంది. పిల్ల శరీరం గులకరాయి లాంటిది కాబట్టి ఎండ తగిలితే నిమిషాల్లో కాగుతుంది, నీడలోకి జరిగితే నిమిషాల్లో చల్లారుతుంది. తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేని ఈ జీవి చేతిలో ఉన్న ఉపాయం చోటు మార్చుకోవడం ఒక్కటే. పిల్లను పెంచే పెట్టెలో వెచ్చని చోటు, చల్లని చోటు రెండూ ఉన్నంతవరకు, పగటిపూట మనం అమర్చిన ఉష్ణోగ్రతలో ఒకటి రెండు డిగ్రీల తేడా వచ్చినా ఆ తేడాను పిల్ల తన నడకతోనే సరిచేసుకుంటుంది. పగలు వేడినిచ్చే దీపం ఆరిపోయి, పిల్ల ఏదో ఒక మూల మట్టిలో ఒదిగి నిద్రపోయిన తర్వాత ఆ వీలు ఉండదు. నిద్రలో చల్లబడిన పిల్ల లేచి వెచ్చని చోటు వెతుక్కోదు, పైగా చల్లబడేకొద్దీ దానికి కదిలే శక్తి కూడా తగ్గిపోతుంది. పెంచేవారు సాధారణంగా శ్రద్ధంతా పగటి బల్బు మీద పెట్టి, రాత్రిని గది వాతావరణానికి వదిలేస్తుంటారు. నా దృష్టిలో ఈ వరుసను తిరగవేసి, మొదట రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను స్థిరపరచి, ఆ తర్వాతే పగటి అమరికకు రావాలి.

ఉష్ణోగ్రత మీద ఇంత పట్టుదల ఎందుకంటే, తాబేలు ఒంట్లో జరిగే ప్రతి పనీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆకుల్లోని, గడ్డిలోని పీచును పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు పులియబెడితేనే అది జీర్ణమవుతుంది. శరీరం చల్లగా ఉంటే ఆ పని మందగించి, తిన్నది కడుపులోనే నిలిచిపోతుంది. రోగాన్ని ఎదుర్కొనే శక్తి కూడా వెచ్చదనంతోనే పనిచేస్తుంది కాబట్టి, చలిలో ఉన్న పిల్లకు మొదట దెబ్బతినేవి ఊపిరితిత్తులు. చర్మంలో డి3 విటమిన్ తయారయ్యే క్రమంలోనూ అతినీలలోహిత కిరణాలు పని మొదలుపెడితే, దాన్ని పూర్తి చేసేది శరీరంలోని వేడి. ఈ కిరణాలను ఇచ్చే యూవీబీ ట్యూబ్‌ను పెట్టెలో ఒక చివర, వేడి బల్బును ఇంకో చివర పెట్టకుండా రెండింటినీ పక్కపక్కనే అమర్చడానికి కారణం ఇదే.

ఏ రకానికి ఎంత వేడి

అన్ని తాబేళ్లకూ ఒకే లెక్క పనికిరాదు, ముఖ్యంగా రాత్రి విషయంలో. ఉష్ణమండల గడ్డిమైదానాలకు, పొదల ప్రాంతాలకు చెందిన సల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేళ్ల పిల్లలకు, బల్బు కింద ఎండ కాచుకునే చోట, వాటి డిప్ప ఎత్తులో, 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పెట్టెలో వెచ్చని సగం 30 నుంచి 32 డిగ్రీల మధ్య, చల్లని చివర 26 నుంచి 28 మధ్య ఉంటే సరిపోతుంది. రాత్రి పెట్టెలో ఏ మూలా 26 డిగ్రీల కంటే దిగకూడదు. పగటి నుంచి రాత్రికి ఒకటి రెండు డిగ్రీలు దానంతట అదే తగ్గుతుంది, ఈ పిల్లలకు అంతకు మించిన తగ్గుదల అవసరం లేదు.

దక్షిణ అమెరికా అడవుల నుంచి వచ్చిన రెడ్‌ఫుట్, ఎల్లోఫుట్ తాబేళ్ల పిల్లలకు మండే బల్బు కింద కూర్చోవడం కంటే నీడలో, ఆకుల కింద, తేమతో కూడిన వెచ్చదనంలో ఉండడమే ఇష్టం. వీటి పెట్టె అంతటా పగలు 27 నుంచి 30 డిగ్రీలు ఉండి, ఒక్క చోట 32 వరకు ఉంటే చాలు. రాత్రి మాత్రం వీటికీ 26 తగ్గకూడదు. వెలుతురు మరీ ఎక్కువైతే ఇవి రోజంతా దాక్కుని మేతకు కూడా బయటికి రావు.

మధ్యధరా ప్రాంతానికి చెందిన హెర్మన్, గ్రీక్, మార్జినేటెడ్ తాబేళ్లది, మధ్య ఆసియాకు చెందిన రష్యన్ తాబేలుది వేరే దారి. పగలు ఎండ కాచుకునే చోటు వీటికి కూడా 35 నుంచి 38 డిగ్రీలు ఉండాలి గాని, చల్లని చివర 20 నుంచి 24 వరకు తగ్గవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు రాత్రి 16 నుంచి 20 డిగ్రీలు చక్కగా సరిపోతాయి. వీటి స్వస్థలాల్లో వేసవిలో కూడా రాత్రి చల్లబడుతుంది, ఆ చల్లదనంలో పిల్ల శరీరం నిజంగా విశ్రాంతి తీసుకుంటుంది. ఇంటి గది రాత్రి 16 కంటే దిగనప్పుడు ఈ పిల్లలకు రాత్రి హీటరే అక్కరలేదు. అయితే ముక్కు కారుతున్న పిల్లకు, మేత మానేసిన పిల్లకు, దూర ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు ఈ రాత్రి తగ్గుదల వర్తించదు. పశువైద్యుడు చూసి, పిల్ల కోలుకునే వరకు ఏ రకమైనా రాత్రింబవళ్లు వెచ్చగానే ఉంచాలి.

చేతికి వచ్చిన పిల్ల ఏ రకమో తెలియకపోతే, తెలిసేవరకు రాత్రి 26 డిగ్రీల దగ్గర ఉంచడం మేలు. మధ్యధరా పిల్లకు కొన్ని రోజులు వెచ్చని రాత్రులు గడిస్తే నష్టం లేదు, ఉష్ణమండలపు పిల్లకు కొన్ని రోజులు చల్లని రాత్రులు గడిస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడే ఇంకొక మాట కూడా చెప్పాలి. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2019లో నక్షత్ర తాబేలును అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. కొన్ని దేశాల్లో దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. కాబట్టి ఉష్ణోగ్రతల లెక్కలకు ముందు, తాము ఉన్న చోట చట్టం ఏమంటుందో తెలుసుకోవడం అవసరం.

కొలతలు ఎక్కడ, ఎప్పుడు తీయాలి

పెట్టె గోడకు అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్ చూపేది ఆ గోడ దగ్గరి గాలి వేడిని మాత్రమే, అది కూడా చాలాసార్లు తప్పుగా. పిల్ల బతికేది నేల మీద, రెండు మూడు అంగుళాల ఎత్తులో. కాబట్టి కొలత కూడా అక్కడే తీయాలి. ఇందుకు రెండు పరికరాలు ఉండాలి. మొదటిది తీగ చివర సెన్సర్ ఉండి, రోజులోని కనిష్ఠాన్ని, గరిష్ఠాన్ని గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటర్. తేమను కూడా చూపేదైతే ఇంకా మంచిది. రెండోది తుపాకీలా పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. ఇది గాలి వేడిని చెప్పదు, గురిపెట్టిన ఉపరితలం ఎంత కాగిందో మాత్రమే చెబుతుంది. దూరం పెరిగేకొద్దీ అది చూసే వృత్తం పెద్దదై చుట్టుపక్కల వేడి కూడా కలిసిపోతుంది కాబట్టి, ఒక జాన కంటే ఎక్కువ దూరం లేకుండా పట్టుకోవాలి. ఎండ కాచుకునే చోట పరచిన రాయి ఎంత కాగింది, దాని మీద కూర్చున్న పిల్ల డిప్ప ఎంత కాగింది, పక్కనే పెట్టె అడుగున పరచిన పొర ఎంత చల్లగా ఉంది అనే ప్రశ్నలకు ఇంత త్వరగా జవాబు చెప్పే పరికరం మరొకటి లేదు.

పిల్లను తెచ్చాక పెట్టెను సిద్ధం చేయడం కాకుండా, కనీసం వారం రోజుల ముందే అన్నీ బిగించి, ఖాళీ పెట్టెను నడిపి చూడాలి. బల్బు వెలగడానికి ముందు, వెలిగిన రెండు గంటలకు, మధ్యాహ్నం, దీపం ఆరిన రెండు గంటలకు, అన్నింటికంటే ముఖ్యంగా తెల్లవారుజామున, ఒక పుస్తకంలో అంకెలు రాసుకోవాలి. గది బాగా చల్లబడేది చాలాచోట్ల సూర్యోదయానికి కాస్త ముందు. ఆ సమయంలో లేచి చూడలేనివారికి కనిష్ఠాన్ని గుర్తుంచుకునే థర్మామీటరే ఆధారం. ప్రతి ఉదయం ఆ అంకె చదివి, మీట నొక్కి చెరిపేస్తేనే మరుసటి రాత్రి లెక్క సరిగ్గా తెలుస్తుంది. రాత్రి పది గంటలకు 27 చూపిందన్న ధైర్యంతో నిద్రపోతే, నాలుగు గంటలకు 22 అయిన సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. ఎందుకంటే ఏడు గంటలకు బల్బు వెలిగి అంకె మళ్లీ 27కు వచ్చేస్తుంది. పిల్ల సరిగ్గా తినడం లేదని, కారణం తెలియడం లేదని బాధపడేవారు ముందుగా వెతకాల్సినది ఈ నాలుగు గంటల అంకె కోసమే.

పగటి అమరిక

వేడి తేడా ఉండాలంటే అందుకు చోటు ఉండాలి. అర మీటరు పొడవున్న పెట్టెలో బల్బు వెలిగిస్తే పెట్టె అంతా ఒకటే కాగుతుంది, పిల్ల వెళ్లడానికి చల్లని మూల ఉండదు. చిన్న పిల్లకైనా 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె ఉంటే ఒక చివర వేడి, ఇంకో చివర చల్లదనం సహజంగా ఏర్పడతాయి. బల్బును సరిగ్గా మధ్యలో కాకుండా ఒక చివరకు జరిపి వేలాడదీయాలి.

ఎండ కాచుకునే బల్బు వెలుగు విశాలంగా పరుచుకునే రకం కావాలి. కొన్ని బల్బులు వేడిని సన్నని కిరణంగా ఒక్క చోటే కేంద్రీకరిస్తాయి. వాటి కింద డిప్ప నడిమి భాగం మాడిపోతున్నా కాళ్లు, అంచులు చల్లగానే ఉంటాయి కాబట్టి, ఒళ్లు వేడెక్కక పిల్ల ఇంకా ఇంకా అక్కడే కూర్చుంటుంది, డిప్ప పైభాగం ఎండిపోతుంది. పిల్ల మొత్తం పట్టేంత, ఇంకా కాస్త ఎక్కువే వెడల్పున వేడి పరుచుకోవాలి. బల్బును మొదట 40 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, కింద పరచిన పలుచటి బండ మీద, పిల్ల డిప్ప ఎత్తుకు సరిపడే చిన్న వస్తువు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలుస్తూ, రెండేసి సెంటీమీటర్లు దించుకుంటూ రావాలి. 36 డిగ్రీలు, రెడ్‌ఫుట్, ఎల్లోఫుట్ పిల్లలకైతే 32, వచ్చిన చోట ఆపాలి. మరీ దించాల్సి వస్తే వాట్లు ఎక్కువున్న బల్బు కావాలని, ఎంత ఎత్తించినా కాగుతుంటే వాట్లు తక్కువున్నది కావాలని అర్థం. ఈ బల్బును, పక్కనే ఉన్న యూవీబీ ట్యూబ్‌ను టైమర్‌కు కలిపి రోజుకు 12 గంటలు వెలిగేలా చేస్తే సరిపోతుంది. యూవీబీ కిరణాలు మామూలు గాజును దాటలేవు కాబట్టి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఈ ట్యూబ్‌కు బదులు కాదు.

వేడి ఎప్పుడూ పైనుంచే రావాలి. అడుగున పరిచే హీట్ మ్యాట్‌లను, వేడెక్కే కృత్రిమ రాళ్లను తాబేలు పిల్లలకు వాడకూడదు. ప్రకృతిలో తాబేలు వేడి ఎక్కువైతే మట్టి తవ్వి కిందికి దిగుతుంది, కింద చల్లగా ఉంటుందని దానికి పుట్టుకతోనే తెలుసు. అడుగున హీటర్ ఉన్న పెట్టెలో అది తవ్వేకొద్దీ వేడికి దగ్గరవుతుంది, అడుగుడిప్ప కాలుతున్నా అక్కడే ఉండిపోతుంది.

మేత వేళ కూడా వేడితో ముడిపడి ఉంది. బల్బు వెలిగి గంటా రెండు గంటలు గడిచి, పిల్ల ఎండ కాచుకుని చురుగ్గా తిరగడం మొదలుపెట్టాక మేత వేయాలి. దీపం ఆరబోయే ముందు కడుపునిండా మేపితే, అది వేడి తగ్గిన శరీరంలో రాత్రంతా అరగకుండా ఉంటుంది.

రాత్రి వెచ్చదనం

రాత్రి పెట్టెలో చీకటి పూర్తిగా ఉండాలి. ఎర్రని, నీలి రంగు రాత్రి బల్బులను తాబేలు చూడలేదన్న మాట నమ్మదగింది కాదు. తాబేళ్లకు రంగులు బాగా కనిపిస్తాయి, ఎర్రని వెలుగులో అవి మేతను మాత్రమే కాక కంటికి కనిపించిన రాళ్లను, బెరడు ముక్కలను కొరకడం కూడా చూడవచ్చు. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ ఈ పనికి తగినది. పెద్ద పెట్టెలకు పైకప్పుకు బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ ఇంకా సమంగా వేడిని పంచుతుంది.

సిరామిక్ హీటర్‌ను ఎప్పుడూ థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి హీటర్‌ను ఆపి, వెలిగించే పరికరం, లేకుండా వాడకూడదు. ఈ విషయంలో మినహాయింపు లేదు. చలి రాత్రికి సరిపోయే హీటర్, గది వెచ్చగా ఉన్న రాత్రి అదుపు లేకుండా వెలిగితే పెట్టెను పొయ్యిగా మారుస్తుంది. థర్మోస్టాట్‌ను ఉష్ణమండలపు పిల్లలకు 27 డిగ్రీల వద్ద పెట్టి, రాత్రి మాత్రమే కాకుండా 24 గంటలూ పనిచేసేలా వదిలేయాలి. పగలు బల్బు వేడితో పెట్టె 27 దాటినప్పుడు హీటర్ తనంతట తానే ఆగుతుంది. మబ్బు పట్టిన చల్లని పగలు, లేదా పగటి బల్బు మాడిపోయిన రోజు, అదే మళ్లీ అందుకుంటుంది.

థర్మోస్టాట్ సెన్సర్ ఎక్కడ ఉందన్నది అది ఎంత ఖరీదైనదన్న దానికంటే ముఖ్యం. సెన్సర్ హీటర్ కిందే ఉంటే, అక్కడ 27 రాగానే హీటర్ ఆగిపోయి మిగతా పెట్టె చల్లగా మిగులుతుంది. మరీ దూరపు మూలలో ఉంటే, ఆ మూల వెచ్చబడేలోపు హీటర్ కింద నిద్రపోతున్న పిల్ల ఉడికిపోతుంది. పిల్ల సాధారణంగా పడుకునే చోటికి దగ్గరగా, డిప్ప ఎత్తులో, హీటర్ సూటి వేడి తగలకుండా సెన్సర్‌ను గోడకు గట్టిగా బిగించాలి. గట్టిగా అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. తాబేలు పిల్ల చూడటానికి చిన్నదైనా దారిలో ఉన్న తీగను నెట్టుకుంటూ పోతుంది. ఊడి తడి మట్టిలో కూరుకున్న సెన్సర్ పెట్టె చల్లగా ఉందని భ్రమపడి హీటర్‌ను ఆపకుండా వెలిగిస్తుంది. అందుకే థర్మోస్టాట్ తెర మీద కనిపించే అంకెను దానికే సాక్ష్యంగా తీసుకోకుండా, వేరుగా ఉన్న కనిష్ఠ గరిష్ఠ థర్మామీటర్‌తో రోజూ పోల్చి చూడాలి.

సిరామిక్ హీటర్ వెలుగు లేకుండానే వందల డిగ్రీలు కాగుతుంది కాబట్టి అగ్ని ప్రమాదం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని ప్లాస్టిక్ హోల్డర్‌కు బిగించకూడదు, పింగాణీ హోల్డరే వాడాలి. క్లిప్పుతో అంచుకు తగిలించిన దీపం ఏదో ఒక రోజు జారి ఎండిన అడుగు పొర మీద పడుతుంది, కాబట్టి గొలుసుతో పైనుంచి వేలాడదీసి, రెండో గొలుసుతో కూడా కట్టాలి. చెక్కకు, ప్లాస్టిక్ మూతకు చాలినంత దూరం ఉంచి, చుట్టూ ఇనుప జాలీ అమర్చాలి.

రాత్రి మరో మోసం నేల దగ్గర జరుగుతుంది. గాలి 27 ఉన్నా, తడిగా ఉన్న అడుగు పొర ఆవిరవుతూ దానికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండడం మామూలే. పెట్టెను రాతి నేల మీద నేరుగా పెడితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పిల్ల నిద్రపోయేది ఆ పొరలో కూరుకునే. పెట్టెను నేల నుంచి ఎత్తుగా బల్ల మీద పెట్టడం, అడుగున థర్మాకోల్ పలకను పరచడం, తేమ కోసం పోసే నీటిని గోరువెచ్చగా పోయడం, ఈ మూడు పనులతో నేల ఉష్ణోగ్రత గాలికి దగ్గరగా వస్తుంది.

తేమ లేని వెచ్చదనం

వేడి గురించి మాట్లాడుతూ తేమను విడిచిపెట్టడం కుదరదు. సిరామిక్ హీటర్ రాత్రంతా పనిచేస్తే గాలి పొడిబారుతుంది, పొడి గాలిలో పెరిగిన పిల్ల డిప్ప మీద పలకలు గోపురాల్లా ఉబ్బుతాయి. ఆఫ్రికా సల్కాటా పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, డిప్ప ఇలా ఉబ్బడానికి మేతలోని మాంసకృత్తుల కంటే గాలి పొడిగా ఉండడమే చాలా పెద్ద కారణమని తేలింది. ప్రకృతిలో ఈ పిల్లలు మండే ఎండలో తిరగవు, గడ్డి మొదళ్లలో, బొరియల్లో, తేమ నిలిచే చోట్ల రోజులో ఎక్కువ భాగం గడుపుతాయి. ఉష్ణమండలపు పిల్లల పెట్టెలో గాలి తేమ 70 నుంచి 80 శాతం ఉండడం మంచిది.

పైన తెరిచి ఉన్న పెట్టెలో ఇది సాధ్యం కాదు. వెచ్చని గాలి, దానితో పాటు తేమ, రెండూ పైకి లేచి గదిలోకి పోతాయి. హీటర్ ఆగకుండా వెలుగుతూ మిగిలిన తేమను కూడా ఆరబెడుతుంది. దీపాలన్నీ లోపలే ఉండేలా పెట్టెను పైన కూడా మూసివేసి, చిన్న గాలి రంధ్రాలు మాత్రం ఉంచితే వేడి, తేమ రెండూ నిలుస్తాయి, కరెంటు కూడా తక్కువ ఖర్చవుతుంది. అడుగున కొబ్బరి పొట్టు లేదా సన్నటి చెట్టు బెరడు ముక్కలు నాలుగు అంగుళాల మందాన పరచి, మూలల్లో గోరువెచ్చని నీరు పోస్తే, కింది పొర తడిగా, పై పొర దాదాపు పొడిగా ఉంటుంది. ఇసుక, కాగితాలు ఈ పని చేయలేవు.

అయితే తేమ మేలు చేసేది వెచ్చదనం తోడుంటేనే. చల్లని పొడి గాలిని తట్టుకోగల పిల్ల కూడా చల్లని తడి గాలిలో రెండు మూడు రాత్రుల్లోనే జలుబు చేసి ముక్కు కారుస్తుంది. కాబట్టి రాత్రి కనిష్ఠం 26 దగ్గర నిలకడగా ఉందని పుస్తకంలో రాసిన అంకెలు చూపించాకే అడుగు పొరను తడపడం మొదలుపెట్టాలి.

రోజూ పిల్లను నీటిలో ఉంచడం కూడా వేడికి సంబంధించిన పనే. 30 నుంచి 33 డిగ్రీల నీటిని, పైడిప్ప, అడుగుడిప్ప కలిసే అంచు వరకు మాత్రమే వచ్చేలా పోసి, తల నీటిపైన తేలికగా ఉండేలా చూసి, 20 నిమిషాలు ఉంచాలి. చిన్న గిన్నెలో నీరు పది నిమిషాల్లోనే చల్లారుతుంది కాబట్టి, మధ్యలో ఒకసారి వేలితో కాకుండా థర్మామీటర్‌తో చూసి మార్చాలి. ఈ స్నానం ఉదయం చేయిస్తే ఆ తర్వాత ఆరి, వేడెక్కడానికి పగలంతా ఉంటుంది. సాయంత్రం చేయించి తడి ఒంటితో రాత్రిలోకి పంపకూడదు.

కరెంటు పోయినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు

కరెంటు గంట సేపు పోతే మూసిన పెట్టె తన వేడిని తానే చాలావరకు కాపాడుకుంటుంది, మాటిమాటికీ తలుపు తెరవకుండా ఉంటే చాలు. ఇంకా ఎక్కువసేపు పోతే పిల్లను కాస్త తడి పొట్టుతో చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మూత కొద్దిగా తెరిచిన థర్మాకోల్ పెట్టెలో ఉంచి, పక్కన మందపాటి గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టాలి. సీసా పిల్లకు నేరుగా తగలకూడదు, థర్మామీటర్ సెన్సర్ డబ్బాలోనే ఉండాలి. పెట్టె మీద దుప్పటి కప్పడం చాలామంది చేసే పని. అలా కప్పినప్పుడు హీటర్ల స్విచ్చులన్నీ ఆపివేయాలి, లేకపోతే కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో కాగిన హీటర్ ఆ దుప్పటికి నిప్పు అంటించగలదు. సిరామిక్ హీటర్ సాధారణంగా 60 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది కాబట్టి, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దాన్ని రాత్రి హీటర్‌కు కలుపుకోవచ్చు.

చలికి బిగుసుకున్న పిల్లను తొందరపడి బల్బు కింద పెట్టకూడదు. 26 డిగ్రీల చోట మొదలుపెట్టి, గంటా రెండు గంటల్లో మెల్లగా వెచ్చబడనివ్వాలి. అది కళ్లు తెరిచి నడిచేవరకు మేత పెట్టకూడదు.

వేడి ఎక్కువవడం చలి కంటే వేగంగా చంపుతుంది. పిల్ల ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరితే ప్రాణాపాయమే. గది ఉష్ణోగ్రతే 32 దాటే కాలంలో వేడి బల్బును ఆపి, యూవీబీ ట్యూబ్‌ను, మామూలు వెలుతురును మాత్రం ఉంచాలి. సగం మట్టిలో పాతిన మట్టికుండ లోపల చల్లని తడి నేల ఉండాలి, తాగే నీటి పళ్లెం ఎప్పుడూ నిండి ఉండాలి. గది మరీ కాగితే ఏసీ పెట్టడంలో తప్పులేదు గాని, దాని గాలి పెట్టె మీద నేరుగా కొట్టకూడదు. రాత్రి ఏసీ గదిని చల్లబరిచినా థర్మోస్టాట్ హీటర్‌ను వెలిగించి పెట్టెను 27 దగ్గరే నిలుపుతుంది. అందుకని ఎండాకాలం వచ్చిందని సిరామిక్ హీటర్ ప్లగ్ తీసేయకూడదు. గాజు తొట్టెను ఎండలో పెట్టడం, ఆపి ఉంచిన కారులో పిల్లను వదిలి వెళ్లడం ఏ కాలంలోనూ, ఐదు నిమిషాలకైనా చేయకూడదు. నోట నురగ రావడం, గోడలు గీరుతూ పిచ్చిగా పరుగెత్తడం, తర్వాత కాళ్లు చాపి వాలిపోవడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు నీడలోకి తెచ్చి గోరువెచ్చని నీటిలో ఉంచి, నీటిని క్రమంగా చల్లార్చుతూ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. మంచు నీళ్లు పోయకూడదు.

పిల్ల నడవడిక చెప్పేది

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా పిల్లను చూడడం మానకూడదు. రోజంతా బల్బు కిందే ఉంటే మిగతా పెట్టె చల్లగా ఉందని, లేదా రాత్రి అది బాగా చల్లబడి ఉదయం కోలుకోవడానికే సమయమంతా పోతోందని అనుమానించాలి. రోజంతా చల్లని మూలకే అతుక్కుని ఉంటే బల్బు మరీ దగ్గరగా ఉందేమో కొలవాలి. బాగున్న పిల్ల ఉదయం కాసేపు ఎండ కాచుకుని, తిని, తిరిగి, మధ్యాహ్నం దాక్కుని నిద్రపోతుంది. చిన్న పిల్లలు రోజులో చాలా భాగం నిద్రపోతాయి కాబట్టి, నిద్ర మాత్రమే చూసి జబ్బు అనుకోవద్దు. లేచిన కొద్దిసేపు చురుగ్గా ఉందా లేదా అన్నదే చూడాలి. గ్రాముల తూకంతో వారానికి ఒకసారి తూచి రాసుకుంటే, కంటికి కనిపించని మార్పు అంకెల్లో ముందే కనిపిస్తుంది.

ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి మెడ చాపి ఊపిరి తీయడం, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు, రెండు రోజులకు మించి కళ్లు మూసుకుని మేత ముట్టకపోవడం, ఇవి ఇంట్లో ఉష్ణోగ్రత సవరించి వేచి చూసే లక్షణాలు కావు. రాత్రి కనిష్ఠాన్ని 28కి పెంచి, సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరకు వెంటనే తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు ఉష్ణోగ్రతలు రాసిన పుస్తకం కూడా వెంట ఉంటే ఆయన పని సులువవుతుంది.

పెరిగేకొద్దీ

డిప్ప పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లకు చేరే సరికి శరీరం వేడిని కాస్త నిలుపుకోగలుగుతుంది. అప్పటికి బరువు నిలకడగా పెరుగుతూ, ఆరోగ్యంగా ఉన్న సల్కాటా, లెపర్డ్ పిల్లలకు రాత్రి కనిష్ఠాన్ని నెలకు ఒక డిగ్రీ చొప్పున 24 వరకు తగ్గించవచ్చు. రెడ్‌ఫుట్‌లకు నేను అంత తొందరపడను. బయటి ఎండ అలవాటు చేయడం అంతకంటే ముందే, గాలి 25 డిగ్రీలు దాటిన రోజుల్లో, నీడ, నీరు ఉన్న కంచెలో రోజుకు అరగంటతో మొదలుపెట్టవచ్చు. పొద్దు వాలకముందే పిల్లను లోపలికి తెచ్చి, వెచ్చని పెట్టెలోనే నిద్రపోనివ్వాలి. సల్కాటా, లెపర్డ్, నక్షత్ర, రెడ్‌ఫుట్ తాబేళ్లకు శీతకాల నిద్ర అనేదే లేదు, కాబట్టి చలికి మందగించిన పిల్లను నిద్రపోతోందని వదిలేయకూడదు. థర్మోస్టాట్ అంకెను ఒక డిగ్రీ మార్చిన ప్రతిసారీ, ఆ తర్వాతి వారం రోజులు తెల్లవారుజాము కనిష్ఠాన్ని, ఉదయం మేత ముట్టిన సమయాన్ని పక్కపక్కనే రాయాలి. మేత వేళ రోజురోజుకూ ఆలస్యమవుతుంటే ఆ డిగ్రీని వెనక్కి తిప్పేయాలి.